పన్నెండు ఆల్చిప్పలు

ఫిబ్రవరి 6

ఆఫీసరు మరదలికి,

వదిన రాయునది. ఈ నెల శాంపిల్ పెట్టె బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. ముప్పై ఆల్చిప్పలు, నువ్వు చెప్పినట్టే తడి గోనెలో చుట్టి, పైన తారీకు రాసి పెట్టాను. ఎప్పటిలాగే ఉత్తరం మూత కింద. ఫోన్ చెయ్యొచ్చుగా అని నువ్వు అంటూనే ఉంటావు. తెప్ప మీద సిగ్నలుండదు. ఇంట్లో అయితే మీ అన్నయ్య పక్కనే కూర్చుని నేను చెప్పే ప్రతి మాటకీ తల అడ్డంగా ఊపుతుంటాడు. ఉత్తరంలో అయితే నాకు అడ్డు తగిలేవాళ్ళు లేరు.

ఒక సంగతి చెప్పాలి. మూడో తెప్పకి వేలాడే పెంపకం బుట్టల్లో కొన్ని చిప్పలు నోరు తెరుచుకుని ఉన్నాయి. రెండేసి చేతిలోకి తీసుకుని ఒకదానితో ఒకటి కొట్టి చూశాను. బతికున్నవి రాళ్ళలా టక్కుమంటాయి, పోయినవి డొల్లగా మోగుతాయి, నీకు తెలియనిది కాదు. బుట్టకి నాలుగైదు డొల్లగా మోగాయి. మీ అన్నయ్య ఎండ వల్ల అంటాడు. ఫిబ్రవరిలో అంత ఎండ ఎక్కడ కాసిందో ఆ మహానుభావుణ్ణే అడగాలి.

పెట్టెలో ఒక మూలగా చిన్న మూట ఉంది చూడు. అందులో పన్నెండున్నాయి. అవి నీకు, ల్యాబుకి కాదు. వాటిని కూడా మైక్రోస్కోపు కింద పెట్టావంటే నీకూ నాకూ మాటల్లేవు. మొన్న వచ్చినప్పుడు చూశాను, మెడ కింద ఎముకలు లెక్కపెట్టేలా ఉన్నావు. కాస్త తిను.

ఇంకేముంది. పడవ ఇంజను దగ్గుతోంది, మీ అన్నయ్యా దగ్గుతున్నాడు. రెండింటికీ మందు నేనే పోస్తున్నాను.

నీ మేలు కోరే, నీ మాట వినని
వదిన


ఫిబ్రవరి 10

వదినా,

పెట్టె చేరింది. ఒక్క చిప్ప కూడా కదలకుండా ఎలా సర్దుతావో నాకు ఇప్పటికీ అర్థం కాదు. వేరే పాయల నుంచి వచ్చే పెట్టెలు తెరిస్తే సగం పగిలిపోయి, తారీకు లేకుండా, ఎక్కడివో తెలియకుండా ఉంటాయి. మా ల్యాబులో కొత్తగా చేరినవాళ్ళకి మేడమ్ నీ పెట్టె తెరిచి చూపిస్తారు, "శాంపిల్ అంటే ఇలా పంపాలి" అని. నీకు తెలియకుండానే నువ్వు ఇక్కడ పాఠం చెబుతున్నావు.

స్లైడ్లు తయారు కావడానికి రెండు వారాలు పడుతుంది. మాంసం ముక్కని మైనంలో పోసి, ఉల్లిపొర కంటే పల్చగా కోసి, రంగు వేసి, అప్పుడు చూడాలి. మన పాయ పన్నెండేళ్ళుగా శుభ్రంగా ఉంది. అన్నయ్య చెప్పినట్టు ఎండే అయితే బాగుండును.

నీ మూట ఆదివారం తెరిచాను. మా గది వెనక రేవు మెట్లున్నాయి కదా, అక్కడ కూర్చుని కత్తితో ఒక్కొక్కటీ విప్పాను. రెండు అప్పటికే నోరు తెరిచి ఉన్నాయి, అవి తినలేదు. మిగతా పదింటి మాంసం గిన్నెలోకి తీసుకుని చిప్పలన్నీ అక్కడే నీటికిచ్చేశాను. నాన్న గుర్తొచ్చాడు. భోజనం చేసి లేచామో లేదో "చిప్పలిచ్చొచ్చారా?" అని అడిగేవాడు. పాత చిప్పకే పిల్ల చిప్ప అతుక్కుని పెరుగుతుంది, నీళ్ళలోంచి తెచ్చుకున్నది నీళ్ళకే ఇచ్చెయ్యాలి అనేవాడు. నేనూ అన్నయ్యా ఎవరు ముందు పరిగెత్తుతామా అని పోటీ పడేవాళ్ళం. ఇన్నేళ్ళయినా నా చెయ్యి ఆ అలవాటు మానలేదు.

ఈ రేవు రాళ్ళకి కూడా ఆల్చిప్పలు పట్టి ఉంటాయి వదినా. ఎవరూ పెంచినవి కావు, వాటంతటవే పెరిగినవి. నీళ్ళు తగ్గినప్పుడు ఆడవాళ్ళు బుట్టలు పట్టుకొచ్చి ఏరుకుంటారు. వాళ్ళ మాటలు వింటూ కూర్చుంటే మన ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది.

అన్నయ్యని ఆవిరి పట్టమను. ఇంజను సంగతి నాకు తెలియదు.

నీ మరదలు


మార్చి 2

శ్రీ తనిఖీ అధికారిణి గారి సముఖమునకు,

నోటీసు అందింది. "పాయలోని ఆల్చిప్పలేవీ బయటకు తీసుకుపోరాదు, బయటివి లోనికి తేరాదు, పడవలు, తాళ్ళు, బుట్టలు శుద్ధి చేయకుండా కదపరాదు." కింద నీ సంతకం. దాంతోపాటు "వదినా, ఎలా ఉన్నావు" అని రెండు ముక్కలు రాసిన చీటీ అయినా ఉంటుందేమోనని కవరు దులిపి చూశాను. లేదు. పైగా ఇంకో షరతు: శాంపిల్ పెట్టె ఇక తిరిగి పంపరట, పెట్టెలో ఉత్తరాలు పెట్టకూడదట. పదకొండేళ్ళుగా మూత కింద పెడుతున్న నా ఉత్తరం ఇప్పుడు రోగమైపోయిందా?

నువ్వు రాసిన రోజునే అవతలి పాయలోకి మార్చాల్సిన చిప్పలు రెండు పడవల నిండా సిద్ధం చేసుకుని ఉన్నాం. అన్నీ మళ్ళీ దించాం. మీ అన్నయ్య గేటుకి అంటించిన నోటీసు చదివాడు. మళ్ళీ చదివాడు. తర్వాత దాన్ని పీకేసి, మడిచి, జేబులో పెట్టుకుని పడవల షెడ్డులోకి వెళ్ళిపోయాడు. రెండు రోజులు నాతో కూడా మాటల్లేవు. అడిగితే "ఏం లేదులే" అంటాడు.

రేవులో కనపడ్డవాళ్ళందరూ నన్నే నిలదీస్తున్నారు. తింటే మనకేమైనా అవుతుందా? ఈ రోగానికి మందు లేదా? మీ మరదలే కదా, ఒక్క మాట చెప్పి ఆపించలేవా? చివరి ప్రశ్న నేనూ వేసుకున్నాను, దాచను.

ఇట్లు,
యజమాని గారి భార్య


మార్చి 9

వదినా,

తిట్టు, పడతాను. నోటీసుతో సొంత ఉత్తరం పెట్టకూడదని రూలు. సంతకం పెట్టే ముందు పెన్ను మూడుసార్లు కింద పెట్టాను. వేరేవాళ్ళని పెట్టమందామనుకున్నాను. కానీ ఆ స్లైడ్లు చదివింది నేను. ముప్పైలో తొమ్మిదింట్లో రోగం ఉంది.

రేవులో అడిగేవాళ్ళకి ఇలా చెప్పు. ఇది చిప్పల్ని చంపే పరాన్నజీవి, మనుషుల జోలికి రాదు. తింటే మనకేమీ కాదు. మందు మాత్రం లేదు. చెరువైతే మందు కలపొచ్చు, సముద్రంలో ఏం కలుపుతాం? రోగాన్ని మనం చంపలేం వదినా. మోసుకెళ్ళకుండా ఉండగలం, అంతే. అది బూట్ల అడుగున వెళ్తుంది, తడి తాడులో వెళ్తుంది, బుట్టలో మిగిలిన నీళ్ళలో వెళ్తుంది. పెట్టె తడిగా ఉంటుంది కాబట్టే తిరిగి పంపడం లేదు. నీ ఉత్తరం రోగం కాదు. విడిగా పొడి కవరులో పంపు, పదకొండేళ్ళ అలవాటు నాకూ ఉంది.

చచ్చినవాటిని, జబ్బువాటిని ఒడ్డుకి తెచ్చి, నీటికి దూరంగా గొయ్యి తీసి సున్నంతో పూడ్చండి. మాంసం లేని ఖాళీ చిప్పల్ని ఏడాదిపాటు ఎండలో ఉంచాలి. ఆ తర్వాతే, కాగితం మీద అనుమతి తీసుకుని, నీటికివ్వాలి.

నోటీసు పీకడం నేరం. ఇంకో కాపీ పంపుతున్నాను. అన్నయ్యకి కోపం ఉంటే నా మీద చూపించమను, ప్రభుత్వ కాగితం మీద కాదు. నాన్న పోయాక నన్ను చదివించింది ఆయనే. ఆ చదువుతోనే ఆయన తెప్పలు ఖాళీ చేయిస్తున్నాను. ఆ సంగతి నాకు తెలియదనుకోవద్దని చెప్పు.

నీ మరదలు


ఏప్రిల్ 20

మరదలా,

కోపం పోయింది. నేను ఎక్కువ రోజులు దాచిపెట్టుకోలేని వస్తువు అదొక్కటే.

రెండో నోటీసు గేటుకి మేకులు కొట్టి మరీ బిగించాను. మీ అన్నయ్య చూశాడు, ఈసారి పీకలేదు. ఇక నేను చేసిన పనులు విను. రేవు మెట్ల మొదట్లో పెద్ద తొట్టి పెట్టి బ్లీచింగ్ నీళ్ళు పోశాను. ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ అందులో బూట్లు ముంచాల్సిందే. మొదటి వారం అందరూ నన్ను చూసి పక్కనుంచి దూకారు. దాంతో పక్కన కూడా తొట్టి పెట్టాను. ఇప్పుడు దూకితే నీళ్ళలో పడాలి.

కష్టమంతా బండల మీద ఏరుకునే ఆడవాళ్ళతో వచ్చింది. పొద్దున మన పాయ, మధ్యాహ్నం కొండ దాటి అవతలి పాయ, అదే బుట్ట, అదే కత్తి. వద్దంటే "మాకు తెప్పలున్నాయా, తోటలున్నాయా, ఇదే మా బతుకు" అన్నారు. న్యాయమే కదా. ఆపమని చెప్పే హక్కు నాకేముంది? రెండు రోజులు ఆలోచించాను. పాత బుట్టలన్నీ తీసి సగం ఎర్ర రంగు, సగం నీలం రంగు వేశాను. ఎర్రవి మన పాయవి, నీలంవి అవతలి పాయవి. కొండ దారి మధ్యలో కొయ్యలు పాతి మేకులు కొట్టాను. ఆ దారిన వెళ్ళేటప్పుడు ఎర్ర బుట్టా కత్తీ అక్కడ తగిలించి, తొట్టిలో కాళ్ళు ముంచి, నీలం బుట్ట తీసుకోవాలి. మన పాయలో ఏరినవి అక్కడికి రాకముందే ఇంటికి చేరాలి. ఇప్పుడు ఎవరైనా ఎర్ర బుట్టతో కొండ దాటితే మిగతావాళ్ళే కేకలేసి వెనక్కి పంపిస్తున్నారు. నేను వెళ్ళక్కర్లేదు.

నాలుగు తెప్పల్లో మూడు పోయాయి. పూడ్చాల్సినవి పూడ్చాం. ఖాళీ చిప్పలు పెరట్లో గుట్ట పోశాం, వంటింటి కిటికీ దాకా వచ్చింది. మొదటి తట్ట ఎత్తగానే మీ అన్నయ్య కాళ్ళు మామూలుగా నీటివైపే నడిచాయి. సగం దారిలో ఆగి, నిలబడి, వెనక్కి తిరిగాడు. ఆ తర్వాత చెక్క మీద తారీకు రాసి గుట్టలో గుచ్చాడు. ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

నాలుగో తెప్పలో మాత్రం చిప్పలు టక్కుటక్కుమంటున్నాయి. ఎందుకో నువ్వే చెప్పాలి.

ఇంకోటి. మన పక్క తెప్పల తొందరాయన గుర్తున్నాడా, మాట పూర్తికాకముందే వెళ్ళిపోతాడే, ఆయన. నాలుగు రోజులుగా ఆయన పడవ కనపడలేదు. మీ రేవు వైపు వెళ్ళిందని ఎవరో అన్నారు. ఇంతమంది ఇంత జాగ్రత్త పడుతుంటే ఆయన మాత్రం తన దారి తనది అన్నట్టు ఉన్నాడు. ఒక కన్నేసి ఉంచు.

మెట్ల పోలీసు అయిన నీ వదిన


జూన్ 28

వదినా,

ఈ ఉత్తరం నిదానంగా చదువు.

ముందుగా, నీ ఎర్ర బుట్టల సంగతి మేడమ్‌కి చదివి వినిపించాను. ఆవిడ కుర్చీలోంచి లేచి "ఇది నాకు ముప్పై ఏళ్ళలో తట్టలేదు" అన్నారు. అన్ని పాయలకీ అదే పద్ధతి రాసి పంపుతున్నారు. ఇది చెప్పకుండా మిగతాది చెప్పలేను, అందుకే ముందు రాశాను.

ప్రతి జూన్‌లో మా రేవు రాళ్ళ మీది ఆల్చిప్పలు కూడా పరీక్షిస్తాం. పదేళ్ళుగా శుభ్రం. ఈసారి ముప్పైలో మూడింట్లో ఉంది. ఆ స్లైడ్లు కూడా నేనే చదివాను. మూడోది చూశాక లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాను. కిటికీలోంచి మెట్లు కనపడ్డాయి. ఆ మూడూ మెట్ల పక్క రాళ్ళవే.

నువ్వు పంపిన మూట వదినా. పన్నెండింట్లో నోరు తెరిచిన రెంటినీ మాంసంతో సహా నీళ్ళలోకి విసిరాను. అప్పటికింకా మీ పాయలో రోగం ఉందని తెలియదు, నిజమే. కానీ రెండు వారాల తర్వాత తెలిసింది కదా. అప్పుడు తట్టలేదని నీకు అబద్ధం చెప్పను. తట్టింది. రెండే కదా, ఇంత సముద్రంలో రెండెంత అనుకుని పక్కకి నెట్టేశాను. ఊరందరినీ బూట్లు కడుక్కోమన్నది ఈ చెయ్యే.

రేపు మీటింగు. రోగం ఎలా వచ్చిందో నేనే చెప్పాలి. నీ ఏప్రిల్ ఉత్తరం నా సొరుగులో ఉంది. తొందరాయన పడవ ఇటు వచ్చిందని అందులో ఉంది. ఆ కాగితం మేడమ్ ముందు పెడితే ఇంకెవరూ ఏమీ అడగరు. సొరుగు తీశాను, మూశాను. ఎన్నిసార్లో చెప్పను.

పద్దెనిమిదేళ్ళ ఉద్యోగం. ఇది తప్ప నాకు వేరే పని రాదు. నీ జవాబు రేపటికి అందదని తెలుసు. నీకు కాక ఎవరికి చెప్పుకోను, అందుకే రాస్తున్నాను.

మరదలు


జూలై 3

ఒసేయ్ పిచ్చి మొద్దూ,

ముందు అన్నం తిను. తిన్నావా? ఇప్పుడు విను.

తొందరాయన గురించి నేను రాసింది చింపెయ్. నోటికొచ్చింది రాసేశాను. ఆ నాలుగు రోజులూ ఆయన పడవ ఎటూ వెళ్ళలేదు. కొండ వెనక ఇసుక మీదికి లాగి, బోర్లించి, అడుగంతా గీకి, బ్లీచింగ్ నీళ్ళతో రెండుసార్లు కడిగి ఎండబెట్టుకున్నాడు. ఈ పాయలో అంత శ్రద్ధగా చేసినవాడు ఇంకొకడు లేడు. సిగ్గేసి, మొన్న వెళ్ళి ఆయన బుట్టలు కట్టడానికి సాయం కూర్చున్నాను. ఎందుకు వచ్చానో నేను చెప్పలేదు, ఆయన తొందరలో అడగలేదు.

ఇక నీ సంగతి. తప్పు నీది కాదు, నాది. మూట కట్టింది నేను. చిప్పలు నోరు తెరుస్తున్నాయని తెలిసి కూడా ఆ మూడో తెప్ప నుంచే తీశాను, ఎందుకంటే అందులోవి లావుగా ఉంటాయి. నీకు లావువి పెట్టాలని నా ఆశ. కాబట్టి నా పేరు రాయి. వదిన చూడ్డానికి వచ్చింది, మెట్ల మీద కూర్చుని తిని పారేసింది అని రాయి. తనిఖీ వాళ్ళు ఇక్కడికి వస్తే నేనూ అదే చెబుతాను, ఏడ్చి మరీ చెబుతాను. నాకు పోయే ఉద్యోగం లేదు, తెప్పలు ఎలాగూ ఖాళీ. మీ అన్నయ్యకి చెప్పలేదు. ఆయన ముఖం చూస్తుంటే చెప్పాలనిపించడం లేదు.

ఆలస్యమైందేమో. అయినా నా మాట విను, ఈ ఒక్కసారికి.

వదిన


జూలై 12

వదినా,

ఆలస్యమే అయింది. నీ కవరు వచ్చేసరికి మీటింగు అయిపోయి వారం దాటింది. రాకపోవడమే మంచిదైంది. ముందే వచ్చి ఉంటే నీ మాట విని ఉండేదాన్నేమో.

దర్యాప్తు ఫారంలో "వ్యాధి చేరిన మార్గం" అని ఒక గడి ఉంటుంది. మామూలుగా అందులో "తెలియరాలేదు" అని రాస్తాం. నేను ఇలా రాశాను: "ఫిబ్రవరి 8, ఆదివారం సాయంత్రం. రేవు ఏడో మెట్టు మీద నుంచి, కుడివైపుకి. పన్నెండు ఆల్చిప్పలు, వాటిలో రెండు మాంసంతో. పారేసినది: ఈ ఫారం నింపుతున్న అధికారిణి." కింద సంతకం పెట్టి మేడమ్ బల్ల మీద పెట్టాను.

ఆవిడ చదివారు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చదివారు. తిడతారనుకున్నాను. "ఏడో మెట్టేనా? గట్టిగా చెప్పగలవా?" అని అడిగారు, అంతే. చెప్పగలను. ఏడోది పగిలి ఉంటుంది, అందుకే అక్కడ కూర్చుంటాను. ఆ మర్నాటి నుంచి నీళ్ళు తగ్గినప్పుడల్లా అందరం దిగి, మెట్లకి రెండు పక్కలా అరవై అడుగుల దాకా ప్రతి రాయీ గీకి, ఉన్నవన్నీ తీసేశాం. దాని అవతల వంద చిప్పలు పరీక్షించాం. ఒక్కదాంట్లోనూ లేదు. పడవల మీద అనుమానపడి వాటి వెనకే తిరుగుతూ ఉంటే ఈపాటికి రేవంతా పోయేదని మేడమ్ అన్నారు. ఇంకా ఏడాది చూడాలి, కానీ ఆశ ఉంది.

అక్కడ ఏరుకునే ఆడవాళ్ళకి నేనే వెళ్ళి చెప్పాను. వచ్చే వేసవి దాకా ఈ పక్క ఏరకూడదు, దానికి కారణం నేను అని. వాళ్ళలో పెద్దావిడ బుట్ట కింద పెట్టి, "నీ నోటితో నువ్వే చెప్పావు కాబట్టి ఊరుకుంటున్నా. ఇంకొకరు చెప్పగా వినుంటే ఈ బుట్ట నీ నెత్తిన బోర్లించేదాన్ని" అంది. ఎర్ర బుట్ట, నీలం బుట్ట పద్ధతి వాళ్ళకి నేర్పించాను. పెద్దావిడకి నీలం నచ్చింది.

ఏప్రిల్ దాకా నాకు సంతకం పెట్టే అధికారం లేదు. ట్రేలు కడగడం, బూట్లు కడగడం నా పని. ఇంకెవరో కడిగితే నాకు నమ్మకం కుదరదు కూడా. అన్నయ్యకి చెప్పెయ్. కోపం ఒకేసారి వస్తే పోతుంది.

బూట్లు కడిగే నీ మరదలు


ఆగస్టు 1

నా బంగారు మరదలా,

నిన్ను పొగడడం నాకు అలవాటు లేదు, నీకు తెలుసు. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చినప్పుడు నువ్వు రెండు జడలు వేసుకుని నా వెనకే తిరిగేదానివి. నీకు బుద్ధులు చెప్పడమే నా పని అనుకుంటూ వచ్చాను. నీ ఉత్తరం చదివాక కాసేపు గడప మీద కూర్చుండిపోయాను. నీ పేరు నువ్వే రాసుకున్నావు. నేనైతే రాయలేను. నీ తప్పుని దాచెయ్యమని చెప్పిన ఆడదాన్ని నేను, నిన్ను చూసి నేర్చుకోవాల్సినదాన్ని. ఇది ఇంకోసారి రాయను, ఉత్తరం జాగ్రత్తగా దాచుకో.

మీ అన్నయ్యకి చెప్పాను. మొత్తం విన్నాడు. లేచి బయటికి వెళ్ళాడు. సరే, మళ్ళీ రెండు రోజుల మౌనం అనుకుని వెనకే వెళ్ళాను, ఈసారి వదిలేది లేదని. షెడ్డులోకి వెళ్ళాడు. నేను ఆ షెడ్డు లోపలి గదిలోకి వెళ్ళి ఏడాదయింది, అక్కడంతా తాళ్ళూ నూనె డబ్బాలూనూ. గోడ మీద, మామయ్యగారి పాత కత్తి తగిలించిన మేకు పక్కన, ప్లాస్టిక్ కవరులో ఒక కాగితం అంటించి ఉంది. నాలుగు మడతల గీతలు కనపడుతున్నాయి. నీ మొదటి నోటీసు.

ఇదేమిటండీ అన్నాను. మీ అన్నయ్య అన్నదాన్ని అన్నట్టే రాస్తున్నాను: "గేటు మీదుంటే వానకి తడిసిపోద్ది. చెల్లి పెట్టిన సంతకం నేను ఎప్పుడు చూశాను? చూడు, తెప్పలు మనవని కూడా చూడకుండా పెట్టింది. నాన్నుంటే ఊరంతా తిప్పి చూపించేవాడు."

మరి రెండు రోజులు ఎందుకు మాట్లాడలేదయ్యా అంటే, "మాట్లాడితే ఏడుపొచ్చేలా ఉంది" అన్నాడు.

అయిదు నెలలుగా మనిద్దరం ఆయనకి కోపం అనుకుని బాధపడ్డాం. మగాళ్ళకి నోరెందుకో.

బూట్ల సంగతి విని "వాడికి చిన్నప్పటి నుంచీ శుభ్రం ఎక్కువ" అన్నాడు. నిన్ను వాడు అన్నాడంటే ముద్దొచ్చినట్టే.

వదిన


మరుసటి ఏడాది, ఏప్రిల్ 18

మరదలా,

నీకు సంతకం తిరిగి వచ్చిందని మేడమ్ పంపిన కాగితంలో చూశాం. నువ్వు చెప్పకుండా దాచావు, దాని సంగతి తర్వాత చూస్తాను.

నాలుగో తెప్పలో నిలబడిన చిప్పల్ని మీవాళ్ళు మూడుసార్లు పరీక్షించి, రోగానికి తట్టుకునే రకం కావచ్చని, వాటి పిల్లల్నే మళ్ళీ పెంచమన్నారు. పిల్లలు అతుక్కోవడానికి పాత చిప్పలు కావాలి. పెరట్లో గుట్ట మార్చికే ఏడాది ఎండింది. తెల్లగా, ముట్టుకుంటే పొడి రాలుతోంది. పోయిన నెల నీ బదులు సంతకాలు పెడుతున్న అబ్బాయి వచ్చాడు. మర్యాదస్తుడు, రెండు తొట్లలోనూ బూట్లు ముంచాడు. గుట్ట చూసి, ఇప్పుడే అనుమతి రాసిస్తానన్నాడు. మీ అన్నయ్య వద్దన్నాడు. నేను తిట్టాను, పిల్లలు అతుక్కునే అదను దాటిపోతుందని. "దాటదు, మే దాకా ఉంది" అని పడవ కింద దూరాడు.

ఇప్పుడు ఆయనే కూర్చుని దరఖాస్తు నింపాడు. పెళ్ళయ్యాక తారీకులు తప్ప ఆయన చేతిరాత చూడటం ఇదే మొదలు. దాన్ని పొడి కవరులో పెట్టి పంపుతున్నాను. ఇక నీ ఇష్టం, ఆఫీసరువి.

వదిన


ఏప్రిల్ 26

వదినా, అన్నయ్యా,

ఈసారి ఉత్తరం ఇద్దరికీ.

దరఖాస్తు అందింది. అన్ని గడులూ సరిగ్గా నింపాడు అన్నయ్య. గుట్ట పొడవు, వెడల్పు, ఎండిన రోజులు, అన్నీ. "దరఖాస్తు ఆలస్యానికి కారణం" అనే గడి మాత్రం మేడమ్ చదివి నవ్వుతూ నా ముందుకి తోశారు. అందులో, నాన్న నేర్పిన గుండ్రటి అక్షరాల్లో, "సంతకం పెట్టాల్సిన మనిషి బూట్లు కడుగుతున్నది. ఆగాము" అని ఉంది.

తొమ్మిది నెలల్లో ఒక్కసారీ ఏడవలేదు. ఆ పూట మాత్రం కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడాల్సి వచ్చింది.

సంతకం పెట్టాను. నా వాళ్ళ కాగితం కాబట్టి పక్కన మేడమ్ కూడా పెట్టారు. మా రేవు రాళ్ళు ఈ నెల పరీక్షలో కూడా శుభ్రంగా ఉన్నాయి. పెద్దావిడ జూన్ నుంచి ఏరుకోవచ్చు, నీలం బుట్టతో.

చిప్పల్ని నీళ్ళలో వేసేటప్పుడు అధికారి దగ్గర ఉండి తీరాలని రూలు. శనివారం బస్సుకి వస్తున్నాను. పాత బూట్లు ఇక్కడే వదిలేసి కొత్తవి తెచ్చుకుంటున్నాను, అయినా రెండు తొట్లలోనూ ముంచుతాను, కేకలు వెయ్యకు వదినా. మొదటి తట్ట అన్నయ్య ఎత్తాలి, రెండో తట్ట నేను. ఎవరు ముందు పరిగెత్తుతారో చూద్దాం.

నాన్న అడిగితే, ఈసారి ఇచ్చొచ్చామని చెబుదాం.

మీ చెల్లెలు, నీ మరదలు